స్కాలర్‌షిప్ దరఖాస్తులు కాలేజీ లాగిన్‌లోనే ఆగిపోతున్నాయి

సంపాదకులు గారికి నమస్కారం.

మెట్‌పల్లిలో జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి దీపావళి దాటేదాకా మా షాపుకు ఎక్కువగా వచ్చేది స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం తిరిగే పిల్లలే. చాలామంది ఇళ్లలో అమ్మ బీడీలు చేస్తుంది, నాన్న గల్ఫ్‌లో ఉంటాడు. వీళ్లకు పథకాలు లేవని కాదు. ఉన్న పథకం చేతికి అందేలోపు ఎక్కడో ఒకచోట తెగిపోతోంది. ఎక్కడ తెగుతోందో రోజూ చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం.

మా దగ్గర అందరికీ తెలిసింది రాష్ట్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇచ్చే ఈ-పాస్ పోర్టల్ ఒక్కటే. ఆ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి, కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేయడం గురించి పత్రికల్లో చాలా వచ్చింది, మళ్లీ చెప్పను. కేంద్రం నడిపే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ సంగతి మాత్రం చాలా ఇళ్లకు చేరనే లేదు. అందులో సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ అని ఒకటుంది. ఇంటర్ బోర్డు లెక్క ప్రకారం 80వ పర్సంటైల్ పైన ఉండి (అంటే నూటికి 80 మంది కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుని), ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, డిగ్రీ చదివినన్నాళ్లూ ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో 20,000 ఇస్తారు. సగం అమ్మాయిలకే కేటాయించారు. ఇంజినీరింగ్‌లోనో పాలిటెక్నిక్‌లోనో చేరిన అమ్మాయిలకు సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ‘ప్రగతి’ కింద ఏడాదికి 50,000 వస్తుంది. దానికి ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ సెంట్రల్ సెక్టార్ కూడా తీసుకోవడానికి వీల్లేదు. ఏది లాభమో ముందే లెక్క చూసుకోవాలి. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లకు ఆ లెక్క ఎవరు చెప్తారు? ఇప్పుడైతే ఎవరూ చెప్పడం లేదు.

కిందటేడు డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి ఒకతె సెంట్రల్ సెక్టార్ కోసం వచ్చింది. 80వ పర్సంటైల్ దాటినవాళ్ల బోర్డు జాబితాలో పేరుంది. ఆదాయ సర్టిఫికెట్, మెమో, బోనఫైడ్ అన్నీ ప్లాస్టిక్ కవర్లో వరుసగా పెట్టుకుని తెచ్చింది. ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబరు నాన్నది, ఆయన మస్కట్‌లో ఉన్నాడు. ఓటీపీ కోసం ఆయన డ్యూటీ దిగేదాకా షాపులోనే కూర్చుంది. వాట్సాప్‌లో ఆయన ఒక్కో అంకె చదువుతుంటే నేను కొట్టాను. ఫేస్ అథెంటికేషన్ కూడా అయింది. గడువుకు చాలా ముందే సబ్మిట్ చేశాం.

తర్వాత స్టేటస్ చూసిన ప్రతిసారీ ఒకటే మాట: పెండింగ్ ఎట్ ఇన్‌స్టిట్యూట్ లెవెల్. అంటే దరఖాస్తు కాలేజీలో స్కాలర్‌షిప్‌ల పని చూసే నోడల్ ఆఫీసర్ లాగిన్‌లో ఉంది, ఆయన చూసి ముందుకు పంపాలి. అమ్మాయి ఆఫీసులో అడిగితే, ఆ పని చూసే సార్ ట్రాన్స్‌ఫర్ అయ్యారు, పాస్‌వర్డ్ తమ దగ్గర లేదు అన్నారు. రెండోసారి అడిగితే, ‘నువ్వు అప్లై చేశావు కదా, అదే వస్తుంది’ అన్నారు. వెరిఫికేషన్ గడువు దాటిపోయింది. “అక్కా, ఇంకా కాలేజీ కాడనే ఉన్నదా?” అని ఆ తర్వాత కూడా అడిగింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. పిల్ల వైపు నుంచి ఒక్క కాగితం తక్కువ లేదు.

విద్యార్థికి ఒక గడువు, కాలేజీ పరిశీలనకు మరో గడువు ఉంటాయని పిల్లలకు తెలియదు. సబ్మిట్ కొట్టగానే పని అయిపోయిందనుకుంటారు. ఏదైనా తప్పుంటే కాలేజీ ‘డిఫెక్ట్’ పెట్టి వెనక్కి పంపుతుంది, సరిచేసి మళ్లీ పంపాలి. ఆ మెసేజ్ కూడా గల్ఫ్‌లో ఉన్న ఫోన్‌కే వెళ్తుంది.

ఇంటర్‌లో చేరేటప్పుడు ఇంకో నష్టం జరుగుతోంది. సర్కారు బడిలో ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష గెలిచిన పిల్లలకు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 వస్తుంది. మన తెలంగాణ మొత్తానికి కోటా 2,921 మాత్రమే. అంత పోటీలో గెలిచిన పిల్లలు పదో తరగతి తర్వాత ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరితే ఆ డబ్బు ఆగిపోతుంది. ప్రభుత్వ కాలేజీలో చేరినా రెన్యువల్ చేసుకోవాలి. టీసీ ఇచ్చే రోజు బడిలో ఈ రెండు మాటలు చెబితే చాలు, రెండేళ్ల డబ్బు నిలబడుతుంది.

బ్యాంకు ఖాతా విషయంలోనూ జాగ్రత్త చెప్పాలి. దరఖాస్తులో ఏ ఖాతా రాసినా, ఆధార్ ద్వారా చెల్లింపు జరిగితే డబ్బు చివరిగా ఆధార్ సీడింగ్ అయిన (ఆధార్‌తో జతపడిన) ఖాతాలోనే పడుతుంది. సిమ్ కొన్నప్పుడు ఫోన్ షాపులో వేలిముద్ర పెట్టి తెరిచిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడిందని తెలియక, రాలేదని ఏడ్చిన పిల్లలున్నారు.

ప్రభుత్వానివే కాదు, ప్రైవేటు సాయాలూ ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ సర్కారు బడిలో, సర్కారు కాలేజీలో చదివి డిగ్రీలోనో డిప్లొమాలోనో చేరిన అమ్మాయిలకు అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి 30,000 ఇస్తోంది. మా ఊరి కాలేజీ పిల్లల్లో ఈ పేరు విన్నవాళ్లే తక్కువ. వీటికి దరఖాస్తు ఫీజు ఉండదు. ‘స్కాలర్‌షిప్ సాంక్షన్ అయింది, రిజిస్ట్రేషన్‌కు డబ్బులు పంపండి’ అని వాట్సాప్‌లో వచ్చేవి నమ్మి పంపొద్దని తల్లిదండ్రులకు నా విన్నపం.

కలెక్టర్ గారిని, ఉన్నత విద్యాశాఖ అధికారులను అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద స్కాలర్‌షిప్ నోడల్ ఆఫీసర్ పేరు, ఆయన దొరికే సమయం రాసి పెట్టించండి. ఆ సార్ బదిలీ అయితే లాగిన్ అప్పగించాకే రిలీవ్ చేయండి. గడువుకు పది రోజుల ముందు ఏ కాలేజీలో ఎన్ని దరఖాస్తులు పెండింగ్ ఉన్నాయో జిల్లా స్థాయిలో చూసి, ఆ ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేయించండి. ఆ లెక్క పోర్టల్‌లోనే ఉంటుంది. కాలేజీ తప్పు వల్ల ఆగిన దరఖాస్తులకు మరో అవకాశం ఇచ్చే ఏర్పాటు కూడా ఉండాలి, ఎందుకంటే ఆ పిల్లలు చేయాల్సింది చేసేశారు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇంటర్ ఫలితాల వారంలోనే విద్యా పేజీలో ఈ పథకాలన్నీ, ఏది ఎవరికి, ఏ రెండు కలిపి తీసుకోకూడదు, కాలేజీ గడువు ఎప్పుడు అన్నది ఒకచోట వేయండి. ఆ పేజీ జిరాక్స్ తీసి మా షాపు తలుపుకు అంటిస్తాను, అడిగిన పిల్లలకు ఉచితంగా ఇస్తాను.

ఇట్లు,
ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకురాలు,
మెట్‌పల్లి, జగిత్యాల జిల్లా