ట్యాంకు లెక్క సరిచేసిన మాస్టారికి కృతజ్ఞతలు

మా ఊరి మంచినీటి ట్యాంకు లోతు ఐదు మీటర్లు. అందులో 89,216 మీటర్ల నీళ్లున్నాయని పంప్‌హౌస్ తెర చూపిస్తుంటే ఎవరు మాత్రం నమ్ముతారు? ఆ తలతిక్క అంకెను దారికి తెచ్చిన మాస్టారికి అందరి ముందూ కృతజ్ఞతలు చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆయన ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ట్యాంకు దగ్గర కొలతలను తీగ లేకుండా పంపే ఒక రేడియో మాడ్యూల్, ఏటిగట్టు మీది పంప్‌హౌస్‌లో ఇంకొకటి ఉన్నాయి. అక్కడి ఏ ఇన్‌పుట్ ఇక్కడ ఏ అవుట్‌పుట్‌గా రావాలో మ్యాపింగ్‌లో చెప్పాలి. బిగించిన సంస్థ బిల్లు చేతికందాక ఫోను ఎత్తడం మానేసింది. లెవెల్ సెన్సర్ పాడైందని, కొత్తది కొనాలని ఊళ్లో అప్పటికే తీర్మానించేశారు.

మాస్టారు ముందు ట్యాంకులో టేపు వేయించారు. 3.52 మీటర్లు. తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి, కొలత అంకెలు ఉండే గడులను, అంటే రిజిస్టర్లను, హెక్సాడెసిమల్‌లో (అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ వాడే లెక్కలో) చూపించారు. మొదటి దానిలో 47ఏఈ, రెండో దానిలో 4061. ఈ పరికరాలు మాట్లాడుకునే భాష అయిన మోడ్‌బస్ ప్రోటోకాల్‌లో ఒక్కో రిజిస్టర్‌కు 16 బిట్లే. దశాంశ సంఖ్యకు 32 కావాలి కాబట్టి రెండు రిజిస్టర్లు పడతాయి. వాటిలో ఏది ముందుండాలో 1979 నాటి ఆ ప్రోటోకాల్ చెప్పదు, ఎవరి పద్ధతి వారిది. 4061 ముందుంటే 3.52, వెనకబడితే 89216.76. సెన్సర్ నిక్షేపంగా ఉంది. సెట్టింగులలో వరుస మార్చగానే తెర మీద 3.52 వచ్చింది.

తెర మీద పైపు ప్రెజర్ సరిగ్గా వస్తోందా అన్న సంగతి తొందరగానే తేలింది. ప్రెజర్ సెన్సర్ వైరు తీసి, దాని బదులు 12 మిల్లీఆంపియర్లు ఇచ్చారు. 4 నుంచి 20 వరకు సాగే సిగ్నల్‌లో అది సరిగ్గా సగం, కాబట్టి పది బార్ల కొలతకు తెర ఐదు చూపించాలి. చూపించింది.

ఇక వెళ్లిపోతారనుకున్నాం. ఆయన మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని, "రేడియో ఆగిపోతే మోటారు ఏం చేయాలి?" అని అడిగారు. ఎవరూ మాట్లాడలేదు. మోటారును నడిపే అవుట్‌పుట్ చివరి స్థితిలోనే నిలిచిపోయేలా పెట్టి ఉంది. అంటే మోటారు నడుస్తుండగా సిగ్నల్ తెగితే ట్యాంకు పొంగిపొర్లినా అది ఆగదు! నిమిషం పాటు సందేశం రాకపోతే అవుట్‌పుట్ ఆగిపోయేలా మార్చారు. పరీక్షకు యాంటెన్నా ఊడదీయబోయిన మా కుర్రాణ్ని వారించారు. యాంటెన్నా లేకుండా ప్రసారం చేస్తే రేడియోకే ముప్పట. ట్యాంకు దగ్గరి మాడ్యూల్‌కు కరెంటు తీయించారు. నిమిషానికి కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్) టక్కున వదిలింది, మోటారు ఆగింది. నాకైతే 3.52 కన్నా ఆ శబ్దమే ఎక్కువ ఆనందమిచ్చింది.

వెళ్లే ముందు మ్యాపింగ్ అంతా ఒక కాగితం మీద రాయించారు. సెన్సర్ పుస్తకం రిజిస్టర్లను 40001 నుంచి లెక్కపెడితే మా సాఫ్ట్‌వేర్ సున్నా నుంచి లెక్కపెడుతుంది, కాబట్టి పుస్తకంలో 40003 అని ఉన్నదాన్ని అందులో 2 అని ఇవ్వాలి. అందుకని రెండు అంకెలూ పక్కపక్కనే రాయించారు. ఆ కాగితం ప్యానెల్ తలుపు లోపలి వైపు అంటించాం. ఇవే మాడ్యూళ్లు వాడుతున్న పక్క ఊళ్ల ఆపరేటర్లు వచ్చి నకలు రాసుకోవచ్చు.

మాస్టారూ, బస్సు చార్జీ కూడా పుచ్చుకోలేదు మీరు. మామిడిపళ్ల బుట్ట పంపుతున్నాం. దాన్నీ తిప్పి పంపితే మా సర్పంచ్ గారే మీ ఇంటికి బయలుదేరతారు.