సుజీ, పడుకునే ఉండమన్న మాట మాత్రం వినకే

సుజీ,

నిన్న నువ్వు పెట్టిన మెసేజ్ దగ్గర్నుంచి మనసంతా అక్కడే ఉంది. ఎంఎస్, అదే మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడులో వెన్నుపాములో నరాల పైపొర దెబ్బతినే ఈ జబ్బు వచ్చినవాళ్లు ఒళ్లు అలవనివ్వకూడదు, పడుకునే ఉండాలి అని మీ పిన్నిగారు అన్నారని రాశావు కదా, ఆవిడ ఊరికే అనలేదే, ఒకప్పుడు డాక్టర్లే అలా చెప్పేవాళ్లు. వ్యాయామం చేశాక కొందరికి చూపు మసకబారుతోందని 1890లోనే ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు రాశాడు. అది ఒంట్లో వేడి వల్ల అని తర్వాత తేలింది. మైలిన్ అనే ఆ పైపొర దెబ్బతిన్న నరంలో, ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం తడబడొచ్చు. ఒళ్లు చల్లబడితే మళ్లీ మామూలే, నరానికి కొత్తగా జరిగే నష్టం ఏమీ లేదు.

1996లో అమెరికాలోని యూటా యూనివర్సిటీలో పెటజాన్ అనే న్యూరాలజిస్టూ ఆయన టీమూ 54 మంది ఎంఎస్ ఉన్నవాళ్లని తీసుకుని, వాళ్లలో కొందరి చేత 15 వారాల పాటు, వారానికి మూడుసార్లు, 40 నిమిషాల చొప్పున చేతులతో, కాళ్లతో కలిపి తిప్పే సైకిల్ మీద వ్యాయామం చేయించారు. వాళ్ల ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ 22 శాతం పెరిగింది, పని చేసే శక్తి 48 శాతం! వైకల్యం స్కోరు మాత్రం మారలేదు. అంటే నరం బాగుపడలేదు, అయినా మనిషికి ఓపిక వచ్చింది. నేను నీకు చెప్పాలనుకుంటున్నది ఇదేనే, నీ ఆయాసమంతా జబ్బు తెచ్చింది కాదు, కొంత కూర్చుని కూర్చుని వచ్చింది, ఆ కొంత తిరిగి వస్తుంది.

ఆ గరిష్ఠ ఆక్సిజన్‌ని కొలిచే పరీక్ష ఎలా చేస్తారంటే, ముక్కూ నోరూ మూసేలా మాస్క్ పెట్టి సైకిల్ ఎక్కిస్తారు, పెడల్ బరువు కొంచెం కొంచెంగా పెంచుతూ, ఇక నావల్ల కాదు అనేదాకా తొక్కిస్తూ ప్రతి శ్వాసా కొలుస్తారు. ఊరికే కూర్చుంటే ఒంటి బరువులో కిలోకి నిమిషానికి సుమారు 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ సరిపోతుంది. నీ గరిష్ఠం 20 అనుకో, మామూలు నడకకే 10, 12 పోతే సగం పైన అయిపోయినట్టే కదా! అసలే బిగుసుకున్న కాలు ఈడ్చుకుంటూ నడవాలంటే అంతే దూరానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. ట్యాంకు చిన్నది, మైలేజీ తక్కువ, అందుకే మార్కెట్‌కి వెళ్లొస్తే నువ్వు మంచం మీద పడిపోతున్నావు. బద్ధకం అని ఎవరైనా అంటే అస్సలు పట్టించుకోకు.

ఇంకో సంగతి, కొందరిలో ఈ జబ్బు గుండె వేగాన్ని నడిపే నరాల్ని కూడా తాకుతుంది, ఎంత కష్టపడినా గుండె తగినంత వేగంగా కొట్టుకోదు. కాబట్టి వాచీలో అంకె చూసి టెన్షన్ పడకు, మాట్లాడగలిగేంత ఆయాసంతో తొక్కితే చాలు. తక్కువ, మధ్యస్థ వైకల్యం ఉన్నవాళ్లకి 2013లో కెనడా వాళ్లు ఇచ్చిన సూచన కూడా పెద్దదేం కాదు: వారానికి రెండుసార్లు 30 నిమిషాలు ఇలా మోస్తరు ఆయాసం వచ్చే వ్యాయామం, రెండుసార్లు కండరాల బలానికి.

విజయవాడ మే నెలలో మాత్రం తెల్లారకముందే చేసెయ్, ముందు చన్నీళ్ల స్నానం చేసి, ఎదురుగా ఫ్యాన్ పెట్టుకుని. జబ్బు తిరగబెట్టినప్పుడు మానెయ్. వచ్చేవారం న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తావుగా, ఇంట్లో సైకిల్ తొక్కొచ్చా అని అడుగు, ఎడమ కాలికి పెడల్ పట్టీ కావాలేమో ఫిజియోతో చూపించుకో. ఏమన్నారో ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి, సైకిల్ కొనడానికి నేనూ వస్తాను.

నీ
పద్దు