ఎముకల ఓపీ బయట కలిసిన చెల్లెమ్మకు

చెల్లెమ్మా, మీ పేరు అడగడం మర్చిపోయాను. సోమవారం నెల్లూరులో ఎముకల ఓపీ బయట, మీ అత్తగారి ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మణికట్టుకు కట్టుతో ఉన్న మా అమ్మను చూసి, నేను ఫిజియోథెరపిస్టునంటూ మీరే లేచి వచ్చారు. కావలి వచ్చాక కూడా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే మన్నించండి.

"పెద్దమ్మా, చెయ్యి ఆనించకుండా లేవండి" అన్నారు. అమ్మ లేవలేకపోయింది. "విరిగింది చెయ్యే గానీ, పడేసింది తొడల్లో బలం లేకపోవడం" అన్నారు. అక్కడే నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మీరు నేర్పిన వ్యాయామం ఇదీ: కుర్చీని గోడకు ఆనించాలి. సీటు అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముందుకు వాలి లేవాలి. వాలేది తుంటి దగ్గర, వెన్ను గుండ్రంగా వంచి కాదు. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెట్టాలి, దభీమని కూలబడితే ఆ దెబ్బ వెన్నుపూసకే. ఎనిమిది, పదిసార్లు. లేవలేకపోతే గట్టి దిండు వేసి ఎత్తు పెంచి, బలం వచ్చాక తీసేయాలి. ఆ తర్వాత వంటగట్టు పట్టుకుని మడమలెత్తడం, గట్టు వెంబడే పక్కకు అడుగులు. తుంటి విరిగేది ఎక్కువగా పక్కకు పడ్డప్పుడేనట. ఒక పాదం వెనకాలే రెండోది ఆనించి పది సెకన్లు నిలబడాలి. మొదట మంచి చెయ్యి మొత్తం గట్టు మీద, తర్వాత రెండు వేళ్లు, ఆ తర్వాత ఊరికే దగ్గర్లో. వెనక ఒక మనిషి ఉండాలి. ఎప్పటికీ గట్టిగా పట్టుకునే ఉంటే కాళ్లు నిలదొక్కుకోవడం నేర్చుకోవన్నారు.

వారానికి కనీసం మూడు రోజులు చేయాలి, మానేస్తే వచ్చిన బలం పోతుంది. రోజూ నడుస్తోంది కదా అని మేం ధీమాగా ఉన్నాం. పడకుండా ఆపడానికి నడకొక్కటే చాలదట! పొట్టి చీపురు, కింద నుంచి బిందె ఎత్తి మెలితిరగడం, వంగి ముగ్గు వేయడం వద్దన్నారు. చీపురుకి అమ్మ ఒప్పుకుంది. ముగ్గు సంగతి ధనుర్మాసంలో చూడాలి.

ఇదంతా చెప్పాల్సింది లోపల కదా? మూడు గంటలు కూర్చోబెట్టారు. ఎముకల గట్టిదనం చెప్పే టీ స్కోరు మైనస్ 2.5 కి దిగితేనే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అంటారు, అమ్మది మైనస్ 3.1. క్యాల్షియం, డీ విటమిన్ రాసి పంపేశారు, వ్యాయామం మాటే లేదు. ఎముకల ఓపీ బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ లేదు, గచ్చంతా తడి. అక్కడే ఇంకో ఎముక విరిగేది.

తమ్ముడూ మరదలూ ఉన్నారు, థ్యాంక్స్ చెబితే తిడతారు.

అయ్యో, ఆటో అబ్బాయి! రెండుసార్లూ మెట్ల దాకా వచ్చి అమ్మను దించాడు. బాత్రూంలో టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదని, గోడలోకి స్టీలు కడ్డీ దింపిన ప్లంబరన్నకు కూడా థ్యాంక్స్. కట్టు వేసిన కాంపౌండరు గారికి కూడా.

ఇవాళ అమ్మ దిండు మీద నుంచి ఆరుసార్లు లేచింది. మీ అత్తగారికి ఏమైందో నేను అడగనే లేదు చెల్లెమ్మా.