ప్రోగ్రెస్ కార్డులు ఇంటికి వస్తున్న వారం

గౌరవనీయులైన తల్లిదండ్రులకు వందనాలు.

ఈ వారం పిల్లల ప్రోగ్రెస్ కార్డులు, దిద్దిన జవాబు పత్రాలు మీకు అందుతాయి. కార్డు తెరిచిన మొదటి పది నిమిషాల గురించే ఈ ఉత్తరం.

"సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువాడు తన మూఢతను బయలుపరచి సిగ్గునొందును" (బైబిలు, సామెతలు 18:13). అంకె చూడగానే "నువ్వు చదవలేదు" అని తేల్చేయడం అచ్చంగా ఇదే. బోర్డు సరిగా కనబడకపోయినా, ప్రశ్న అర్థం కాకపోయినా, టైము చాలకపోయినా, పక్కవాళ్లు ఏడిపిస్తున్నా మార్కులు తగ్గుతాయి. ఒక్కోదానికి మందు వేరు. జవాబు పత్రం ముందు పెట్టుకుని, మార్కులు పోయిన చోట వేలు పెట్టి "ఇక్కడ ఏమైంది?" అని అడగండి. అడిగాక ఆగండి. "ఎందుకిలా చేశావు?" అంటే పిల్లలు సంజాయిషీ వెతుక్కుంటారు, అసలు కారణం బయటికి రాదు. మౌనంగా ఉన్నా తొందరపెట్టవద్దు. పిల్లలు మాటలు కూడదీసుకోవడానికి మనకన్నా ఎక్కువ సమయం పడుతుంది.

అక్కతో, తమ్ముడితో పోలిక మాత్రం అసలు తేవద్దు. కవల కొడుకుల్లో తండ్రి ఇస్సాకు ఏశావును, తల్లి రిబ్కా యాకోబును ఎక్కువగా ప్రేమించారు (ఆదికాండము 25:28). ఆ ఇంట్లో పెరిగిన యాకోబే తర్వాత తన కొడుకుల్లో యోసేపుకు మాత్రం ప్రత్యేకంగా అంగీ కుట్టించాడు. అన్నలు తమ్ముణ్ణి అమ్మేసేదాకా వెళ్లింది. తండ్రి చూపిన తేడాకు కక్ష తమ్ముడి మీద తీరింది. ఇద్దరి కార్డులు వచ్చాయంటే ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి. కార్డును అదే పిల్లల పాత కార్డుతోనే పోల్చండి.

తప్పు చేసిన సహోదరుడితో "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు" మాట్లాడమన్నాడు యేసు (మత్తయి 18:15). పిల్లలకూ ఆ మర్యాద దక్కాలి. బంధువుల ముందు, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ, ఫ్యామిలీ గ్రూపులో కార్డు ఫోటో పెట్టి మందలిస్తే పిల్లలకు సిగ్గు గుర్తుంటుంది, లెక్కల్లో పొరపాటు గుర్తుండదు.

"సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" (ఎఫెసీయులకు 4:26) అన్న మాటను కొన్ని ఇళ్లలో రాత్రికి రాత్రే పంచాయితీ తేల్చాలన్నట్టు తీసుకుంటారు. నిద్రకళ్లతో ఉన్న పిల్లలు వదిలించుకోవడానికి "సారీ" అనేస్తారు, విషయం అలాగే ఉంటుంది. ఆ వాక్యం గడువు పెట్టింది కోపానికి. చర్చను రేపటికి వాయిదా వేసుకోవచ్చు. "నాకింకా బాధగా ఉంది, రేపు బడి నుంచి వచ్చాక మాట్లాడుకుందాం, ఇప్పుడు హాయిగా పడుకో" అని చెప్పి, దగ్గరికి తీసుకుని పడుకోబెట్టండి. రేపన్న మాట తప్పవద్దు.

ఇంతలో నోరు జారితే మీరే క్షమాపణ అడగండి. అన్న మాట ఏదో చెప్పండి: "నిన్ను మొద్దు అన్నాను, అది తప్పు." వెంట "కానీ నువ్వు కూడా" అని చేర్చారంటే అది మళ్లీ మందలింపే అవుతుంది. "మీ పిల్లల మనస్సు క్రుంగకుండునట్లు వారికి కోపము పుట్టింపకుడి" (కొలొస్సయులకు 3:21) అని ఆ ఉత్తరం రాసిన పౌలు హెచ్చరించింది పెద్దలనే.

టీచర్లను కలవడానికి వచ్చేటప్పుడు జవాబు పత్రాలు తీసుకుని పిల్లలతో కలిసి రండి. మొదట పిల్లలనే మాట్లాడనిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు