ఫొటో తీసుకోండి, తాళం వదిలేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పరీక్షకు ఆలస్యమైన ఇంటర్ అమ్మాయిని ట్రాఫిక్ కానిస్టేబుల్ బండెక్కించుకుని సెంటరు గేటు దాకా దింపాడని మీ సిటీ పేజీలో ఫొటోతో సహా వేశారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. ఇంట్లో పెళ్లి పనుల్లో పడి వారం దాటిపోయింది. ఆ కానిస్టేబుల్ మంచివాడే, కాదనను. పై అధికారులు పిలిచి శాలువా కప్పారు, సంతోషం. కాకపోతే ఆసుపత్రికి పరుగెత్తే బండిని ఇంకో చౌరస్తాలో ఆపి తాళం చెవి లాక్కుంటే మీ పేపర్లో నాలుగు లైన్లు కూడా రావు. సందర్భం చూసి నడుచుకోవడం పోలీసులకు చేతవునని మీ ఫొటోనే చెబుతోంది. ఫొటోగ్రాఫరు పక్కన లేనప్పుడు ఆ విచక్షణ ఎక్కడికి పోతుందో కనుక్కుని అది కూడా వేయండి.

మా బావమరిదికి ఒక సాయంత్రం ఛాతీలో నొప్పి మొదలై ఒళ్లంతా చెమటలు పట్టాయి. వాళ్లుండేది ఆటో వస్తే మళ్లీ వెనక్కి తిప్పుకోలేని గల్లీ. 108కు ఫోన్ చేయలేదా అని అడుగుతారు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే మొదలైన సర్వీసు అది, దాని మీద నాకు గౌరవమే. ఆఫీసులు వదిలే వేళ మెయిన్ రోడ్డు మీద అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుందో ఈ నగరంలో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకని వాళ్ల అబ్బాయి తండ్రిని మధ్యలో కూర్చోబెట్టుకుని, పక్కింటి కుర్రాణ్ణి వెనక పట్టుకోమని చెప్పి స్కూటీ తీశాడు. కళ్లు తేలేస్తున్న మనిషి వెనక సీటు మీద ఒక్కడే ఎలా కూర్చుంటాడు? దీన్నే ట్రాఫిక్ వాళ్లు ట్రిపుల్ రైడింగ్ అంటారు.

"మా డాడీకి గుండెల నొప్పి సార్, పోనియ్యుండ్రి" అని వాడు బతిమాలాడు. "అందరు గిట్లనే చెప్తరు. పక్కకు పెట్టు, సార్ వస్తడు" అంటూ కానిస్టేబుల్ తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆ సారు నాలుగడుగుల దూరంలో ట్యాబ్ పట్టుకుని ఇంకెవరివో పాత బాకీలు లెక్కేస్తున్నారు. తీరిగ్గా వచ్చి వీడి నంబరు కొట్టి చూసి, పాత చలానాలు పెండింగ్ ఉన్నాయి, అవి కట్టి కదలమన్నారు. చివరికి అటుగా పోతున్న ఆటో డ్రైవరెవరో చూడలేక పేషెంటును ఎక్కించుకున్నాడు, కిరాయి కూడా అడగలేదు. మా బావమరిదికి స్టెంటు వేశారు, బతికి బయటపడ్డాడు. అబ్బాయి ఇంకా క్యాజువాలిటీ బయట నిలబడి ఉండగానే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. లింకు నొక్కితే చలానా, దాంతోపాటు ఫొటో. నంబరు ప్లేటు బ్రహ్మాండంగా పడింది. మధ్యలో ఉన్నాయన తల కొడుకు భుజం మీద వాలిపోయి ఉంది, నోరు తెరుచుకుని ఉంది, చేతులు రెండు వైపులా వేలాడుతున్నాయి. ఫొటో తీసినవాళ్లు చూశారు, దాన్ని సిస్టంలో ఎక్కించినవాళ్లు చూశారు. లెక్కకు ముగ్గురున్నారా లేదా, అంతవరకే. రూ.1,200.

నేను చెప్పేది ఒకటే. ఫొటో పడింది, నంబరు దొరికింది, చలానా ఇంటికే వస్తుంది. ఇంక బండి ఆపి సాధించేదేమిటి? అబద్ధాలు చెప్పేవాళ్లు లేరా అంటే, బోలెడుమంది ఉన్నారు. సినిమాకు పోతూ అత్తగారిని ఐసీయూలో పెట్టేవాళ్లను నేనూ చూశాను. అబద్ధమైనా చలానా ఎక్కడికీ పోదుగా! నిజమైతే మాత్రం మనిషి పోతాడు.

పోనీ తాళం లాక్కోమని చట్టంలో ఉందా? మోటారు వాహనాల చట్టం 207వ సెక్షన్ చదువుకోండి. లైసెన్సు లేకుండా, వయసు చాలకుండా, రిజిస్ట్రేషన్ లేకుండా, పర్మిట్ లేకుండా నడిపితే బండిని ఆధీనంలోకి తీసుకోవచ్చు. వాటిలోనూ కొన్నింటికి బండి బదులు ఆర్సీ తీసుకుని రసీదు ఇవ్వొచ్చని అక్కడే రాసి ఉంది. హెల్మెట్ లేదనో, ముగ్గురెక్కారనో, పాత చలానా ఉందనో తాళం జేబులో వేసుకోమని అందులో లేదు. తాగి నడిపినవాడి బండిని కూడా సీజ్ చేయొద్దు, పక్కన తాగని మనిషి ఉంటే అతనికి అప్పగించండని 2021లో మన హైకోర్టు చెప్పింది. తాగినవాడికి దొరికిన ఆ వెసులుబాటు గుండె నొప్పి వచ్చినవాడి కొడుక్కి దొరకలేదు.

2019 సవరణ తర్వాత అంబులెన్సుకు దారివ్వకపోతే రూ.10,000 జరిమానా, జైలు కూడా వేయొచ్చు. బాగుంది. రోడ్డు మీద పడిపోయినవాణ్ణి ఆసుపత్రికి చేర్చినవాణ్ణి ఇబ్బంది పెట్టొద్దని అదే సవరణలో 134ఏ సెక్షన్ పెట్టారు. 2021లో అలాంటివారికి కేంద్రం రూ.5,000 బహుమతి కూడా ప్రకటించింది. ముక్కూమొహం తెలియనివాణ్ణి మోసుకుపోతే బహుమతి, కన్నతండ్రిని మోసుకుపోతే చలానా! 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కు మార్పిడి ఆపరేషన్ కోసం ఒక గుండెను మెట్రోలో 13 నిమిషాల్లో చేర్చారు, దేశమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. మనిషి ఒంట్లో ఉన్న గుండెకూ కాస్త దారివ్వండయ్యా అంటున్నాను.

ఇంక చలానాల బాగోతం. 2022లో టూ వీలర్లకు 75 శాతం మాఫీ అన్నారు. 2023 డిసెంబరులో 80 శాతం అన్నారు. ఆర్టీసీ బస్సులకైతే 90 శాతం. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయినవాణ్ణి కాబట్టి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ప్రభుత్వం బస్సుకు ప్రభుత్వం చలానా వేసి, మళ్లీ ప్రభుత్వమే మాఫీ చేసింది. బుద్ధిగా ఎప్పటికప్పుడు కట్టినవాడు పిచ్చివాడు, ఎగ్గొట్టినవాడు తెలివైనవాడు అని ప్రజలకు నేర్పింది వీళ్లే. ఇప్పుడు చౌరస్తాలో నిలబెట్టి పాత బాకీలు వసూలు చేసేదీ వీళ్లే. నంబరు ప్లేటు మీద సగం దాకా పార్టీ పేరు రాసుకుని, నల్ల అద్దాలు వేసుకుని పోయే బండ్లను ఎంతమంది ఆపుతారో పంజాగుట్ట దగ్గర ఒక గంట నిలబడితే తెలుస్తుంది. తన కాన్వాయ్ కోసం ట్రాఫిక్ ఆపొద్దని ముఖ్యమంత్రి గారు 2023 డిసెంబరులో చెప్పారు. ఆ మాట చౌరస్తా దాకా దిగిరావడానికి ఎన్నేళ్లు పడుతుందో!

మా ఆర్టీసీలో రూల్సు తక్కువేం కాదు. అయినా బస్సులో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే రూటు వదిలేసి, ప్యాసింజర్లతో సహా నేరుగా ఆసుపత్రికి తోలిన డ్రైవర్లున్నారు. ఎందుకు తప్పావని ఆ పనికి మెమో ఇచ్చిన డిపో మేనేజరును నేను చూడలేదు. కాన్పు చేయించిన కండక్టరమ్మలున్నారు. బస్సులో పుట్టిన పిల్లలకు 2021లో జీవితాంతం ఉచిత పాసులిచ్చినప్పుడు ఎండీగా ఉన్న సజ్జనార్ గారే 2025లో నగర పోలీసు కమిషనరుగా వచ్చారు. అందుకే కొంచెం ఆశ.

కర్ణాటకలోని మండ్యలో 2025 మేలో కుక్క కరిచిన పసిపాపను బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతుంటే హెల్మెట్ లేదని ఆపారు. ఆ గలాటాలో పడిపోయి పాప లారీ కింద నలిగిపోయింది. ముగ్గురు ఏఎస్సైలను సస్పెండ్ చేశారు, కారణం లేకుండా బండ్లు ఆపొద్దని ఆ రాష్ట్ర డీజీపీ ఆదేశాలిచ్చారు. మన దగ్గర కూడా ఒకరు పోయాకే సర్క్యులర్ రావాలా?

ఎండలో పొగ పీలుస్తూ నిలబడే హోంగార్డులను, కానిస్టేబుళ్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. పోనిస్తే పైవాడు ఏమంటాడోనని వాళ్లకు భయం. ఆ భయం పోవాలంటే పైవాళ్లు కాగితం మీద రాసివ్వాలి. బండి మీద రోగి కనిపిస్తే ఫొటో తీసి వదిలేయాలి. తర్వాత క్యాజువాలిటీ చీటీ చూపిస్తే ఆ చలానా రద్దు చేయాలి. గాంధీ, ఉస్మానియా, నిలోఫర్, నిమ్స్ వైపు పోయే దారుల్లో చెకింగులు పెట్టొద్దు. దీనికి అసెంబ్లీ బిల్లు అక్కర్లేదు, ఒక్క సంతకం చాలు.

మీ విలేకరికి ఒక చిన్న పని చెప్పండి. ఆసుపత్రి చీటీ చూపించినందుకు కిందటేడాది ఎన్ని చలానాలు రద్దు చేశారో ట్రాఫిక్ అధికారులను అడిగి, ఆ అంకె మీ సిటీ పేజీలో వేయమనండి.

– విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి, వనస్థలిపురం, హైదరాబాద్