బతికి తిరిగొచ్చిన గల్ఫ్ కార్మికుడికి ఏమిస్తున్నాం?

సంపాదకులు గారికి,

విదేశాల్లో ఉన్న మనవాళ్లు 2024-25లో దేశానికి పంపిన సొమ్ము 13,500 కోట్ల డాలర్లు దాటిందని పత్రికలన్నీ గొప్పగా రాశాయి. రిజర్వు బ్యాంకు 2023-24 సర్వే ప్రకారం ఇలా వచ్చే డబ్బులో తెలంగాణ వాటా 8.1 శాతం. మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత మనమే. అమెరికా సాఫ్ట్‌వేర్ జీతాలూ, ఎండలో ఇనుప చువ్వలు వంచినవాడి దిర్హాములూ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోయాయి. ఆ డబ్బు దిగిన ఊళ్లలో ఏం మిగిలిందో కూడా ఎవరైనా రాస్తారేమోనని చూశాను. కనబడక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాకు కోరుట్లలో సిమెంటు, టైల్స్ దుకాణం ఉంది. నా గిరాకీలో పెద్ద భాగం గల్ఫ్ డబ్బే. కాబట్టి జనం దుబాయ్ పోవద్దని చెప్పే మనిషిని నేను కాను. పోకపోతే ముందు మూతపడేది నా షట్టరే.

కానీ దుకాణంలో రోజూ చూసేది ఒకటుంది. భర్త షార్జా నుంచి వీడియో కాల్‌లో ఉంటాడు. భార్య ఫోన్ పట్టుకుని ఒక్కో టైల్ ముందు నిలబడుతుంది. "అది కాదు, పక్కది చూపెట్టు" అంటాడతను. హాల్లోకి ఏ సైజు, బాత్రూములో నీళ్లకు వాలు ఎటివ్వాలి, అన్నీ అక్కడినుంచే చెబుతాడు. నాకంటే అతనికే బాగా తెలుసు, ఎందుకంటే అక్కడ అతను చేసేది టైల్స్ పనే. తీరా అతని ఇంట్లో ఆ టైల్స్ వేసేది మాత్రం రాజస్థాన్ నుంచో యూపీ నుంచో వచ్చిన కుర్రాళ్లు. పొలం దగ్గరికెళ్తే అక్కడా ఇదే సంగతి. నాట్ల కాలంలో బిహార్, బెంగాల్ నుంచి మగవాళ్లు గుంపులుగా దిగి ఎకరానికి ఇంతని గుత్తకు నాట్లు వేసి వెళ్తున్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు, వాళ్లదీ మనలాంటి బతుకే. పని ఊళ్లోనే ఉన్నా మన కుర్రాడు దానికి నిలబడడు. ఇక్కడి కూలితో అప్పు తీరదు, చెల్లె పెళ్లి కాదు.

1970ల్లో చమురు ధరలు పెరిగిన నాటి నుంచి కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. ఇప్పుడు మూడో తరం పోతోంది. ఇంతకాలం వచ్చిన డబ్బు ఏమైందంటే ఇళ్లు లేచాయి, పెళ్లిళ్లు అయ్యాయి, ప్లాట్ల ధరలు పెరిగాయి. నలుగురికి ఏడాది పొడుగునా పనిచ్చే యూనిట్ ఒక్కటి ఆ డబ్బుతో లేచిన ఊరు మా చుట్టుపక్కల నాకు కనబడలేదు. ఉన్నదీ పోయింది. ముత్యంపేట నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు పోయింది, దాని వెనకున్న లారీలు, వర్క్‌షాపులు, హోటళ్లు పోయాయి. తెరిపిస్తామనే మాట మాత్రం ఎన్నికలొచ్చిన ప్రతిసారీ వినబడుతుంది. ఈలోగా ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చేస్తూ, సంఘం లోను కడుతూ, అత్తామామల ఆసుపత్రి ఖర్చులు చూసుకుంటూ నెట్టుకొస్తున్నారు.

పంపిన డబ్బు కూడా మొదటి రెండేళ్లు ఇంటికి చేరదు. రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ, అంతే. నిబంధన అది. మా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పే లెక్క లక్ష, లక్షన్నర. అది నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన డబ్బు. విజిట్ వీసా మీద పంపితే ఇంకా ఘోరం. 275 రూపాయలు కడితే రెండేళ్లకు పది లక్షల ప్రవాసీ బీమా వస్తుంది. విజిట్ వీసా మీద, అంటే పనికి పోయేందుకు సర్కారు ఇచ్చే అనుమతి (ఎమిగ్రేషన్ క్లియరెన్స్) లేకుండా పోయినవాడికి అదీ ఉండదు.

ఇక మన సర్కారు వాళ్లకు కట్టిన విలువ చూడండి. 2020 సెప్టెంబరులో, కరోనా మధ్యలో, గల్ఫ్‌లో భారతీయ కార్మికులకు ఇవ్వాల్సిన కనీస రెఫరల్ వేతనాన్ని, అంటే అంతకు తక్కువ జీతానికి మనవాళ్లను తీసుకోకూడదని మన ప్రభుత్వం పెట్టే హద్దును, కేంద్రమే తగ్గించింది. యూఏఈ, ఖతర్, ఒమాన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు చాలంది. పనివాడిని కొనేవాడు బేరమాడటం మామూలే, పంపేవాళ్లే ధర తగ్గించడం అప్పుడే చూశాను. తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక 2021 జులైలో వెనక్కి తగ్గారు. డబ్బు ఆగకుండా వస్తే చాలు, మనిషి ఎంతకు అమ్ముడుపోయినా ఫరవాలేదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు?

రాష్ట్ర ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. మంచి పని. మరి బతికి వచ్చినవాడికి? పదిహేనేళ్లు క్రేన్ నడిపినవాడు, ఏసీ డక్టులు బిగించినవాడు, ఆసుపత్రుల్లో పైపులైన్లు వేసినవాడు నడుం నొప్పితో, షుగరుతో నలభై అయిదేళ్లకు దిగుతాడు. చేతిలో విద్య ఉంది, కాగితం లేదు. హైదరాబాదులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా కుదురుతాడు. కొడుకు పాస్‌పోర్టుకు అప్లై చేస్తాడు.

కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టుకుంది. 1998 నుంచి వలసల సర్వే మళ్లీ మళ్లీ చేయిస్తోంది, ఎవరు పోయారు, ఎవరు తిరిగొచ్చారు అని. తిరిగొచ్చినవాళ్లు ఏదైనా పెట్టుకుంటామంటే 30 లక్షల దాకా ప్రాజెక్టులకు 15 శాతం సబ్సిడీ ఇస్తోంది. అక్కడ అంతా బాగుందని కాదు, అక్కడా ఖాళీ బంగళాలున్నాయి. కానీ కనీసం లెక్క ఉంది. మనకు 2024 నవంబరు కుటుంబ సర్వేలో వలస గురించి ఒకసారి అడిగారు. ఒక్కసారి అడిగితే సరిపోదు, మనిషి రెండేళ్లకోసారి పోతుంటాడు, వస్తుంటాడు.

నేననేది మూడు సంగతులు. పంచాయతీ కార్యదర్శి దగ్గర పోయినవాళ్లది, వచ్చినవాళ్లది ఒక రిజిస్టరు ఉండాలి, ఏ ఏజెంటు పంపాడో కూడా అందులో రాయాలి. వీసా ఖర్చుకు బ్యాంకు అప్పు దొరకాలి, అప్పుడు మిత్తికిచ్చేవాడి ఆట కడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, వాపస్ వచ్చినవాడికి ఐటీఐలో పని పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చి, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో చిన్న పనులు అతని పేరు మీదే ఇవ్వాలి. రైతుకు ఇచ్చేవాటితో పోలిస్తే దీనికయ్యే ఖర్చు ఎంత?

మీ పత్రికకూ ఒక మాట. అమెరికాలో బతుకమ్మ ఆడితే రంగుల్లో ప్రవాస పేజీలో వేస్తారు. రియాద్ నుంచి శవపేటిక వస్తే జిల్లా పేజీలో మూలకు రెండు ముక్కలు. అదీ ప్రవాస వార్తే కదండీ. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో తిరిగొచ్చినవారికి విడిగా ఎంత పెడతారో గల్ఫ్ వలసలున్న జిల్లాల ఎమ్మెల్యేలందరినీ మీ విలేకరుల చేత అడిగించి, వాళ్ల జవాబులు పేర్లతో సహా అచ్చు వేయాలని మనవి.

భవదీయుడు,
సిమెంటు, టైల్స్ వ్యాపారి,
కోరుట్ల, జగిత్యాల జిల్లా