మీరు అమ్మిన రోబోలతో ఆడినందుకు నా ఖాతా ఆపేశారు

హనుమకొండ నుంచి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఆటలో రోబో సహచరులను వాడినందుకు ‘అనధికార ఆటోమేషన్’ పేరిట నా ఖాతాను బ్యాన్ చేయడంపై ఫిర్యాదు.

అయ్యా/అమ్మా,

మీ ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో నా ఖాతాను శాశ్వతంగా బ్యాన్ చేసినట్టు మీ దగ్గర నుంచి మెయిల్ వచ్చింది. అనధికార ఆటోమేషన్ అని కారణం ఒక్క ముక్కలో రాశారు. నేను బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ వాడలేదు. వాడినవల్లా మీ ఆటలోని షాపులో మీరు అమ్మిన మూడు రోబోలు (ఆటలో నా పక్కన పోరాడే యంత్ర పాత్రలు), వాటికి ఆదేశాలివ్వడానికి మీరే ఇచ్చిన ప్యానెల్. మీ సొంత సరుకు వాడుకున్నందుకు నన్ను దొంగ కింద జమకట్టారు. ఈ మాట నాకు చాలా బాధ కలిగించింది.

నేను ఇక్కడ ఒక మందుల షాపులో పనిచేస్తాను. షట్టర్ దించి, ఇంటికొచ్చి, అన్నం తినేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆటకు కూర్చునేది అప్పుడే. ఒకప్పుడు కాజీపేట దోస్తులతో కలిసి నలుగురం ఒక జట్టుగా ఆడేవాళ్లం. ఉద్యోగాలొచ్చి వాళ్లు హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయారు. తెల్లారి లేచి ఆఫీసు క్యాబ్ ఎక్కాల్సిన వాళ్లను అర్ధరాత్రి డంజన్‌కు, అంటే ఆటలో జట్టుగా దిగి పోరాడే చోటుకు, రమ్మని ఎట్లా పిలుస్తాను? ముక్కూమొహం తెలియని వాళ్లతో జట్టు కడదామంటే, వానాకాలం మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. రోడ్డు తవ్వితే ఫైబర్ తెగుతుంది. నడిమధ్యలో నా లైన్ పోతే మిగతా ముగ్గురి కష్టం కూడా మట్టిలో కలుస్తుంది. నా వల్ల ఇంకొకరి రాత్రి పాడు కావడం నాకు ఇష్టం లేదు. అందుకే రోబోలు కొన్నాను. ఒంటరిగా ఆడేవాళ్ల కోసమే ఇవి అని మీ షాపు పేజీలోనే రాసి ఉంది. ఏడాది పాస్ మీద, రోబోల మీద, వాటి కవచాల మీద నేను పెట్టిన ప్రతి రూపాయికీ 18 శాతం జీఎస్టీతో సహా మీరిచ్చిన బిల్లులున్నాయి.

ఆ రోబోలకు పేర్లు తెలుగులో పెట్టుకున్నాను. మీ ఆట తెలుగు అక్షరాలను ఒత్తులు చెదరకుండా తల మీద చక్కగా చూపించింది, దానికి అప్పట్లోనే మీకు ధన్యవాదాలు రాశాను. రుద్రమ డాలు పట్టుకుని ముందుంటుంది. గణపతి వెనక నుంచి బాణాలు వేస్తాడు. మైసమ్మ వైద్యం చేస్తుంది. ఎవరి ప్రాణం అరవై శాతం కిందికి జారినా ముందు వాళ్లను చూడాలని ప్యానెల్‌లో పెట్టాను. ఈ గీత ఎక్కడ గీయాలన్నది ఆటగాడే తేల్చుకోవాలి. ఎనభై దగ్గర పెడితే మైసమ్మ శక్తి సగం పోరులోనే అయిపోతుంది, నలభై దగ్గర పెడితే వైద్యం అందేలోపు మనిషి పడిపోతాడు.

దయచేసి ఒక్క పోరు నా లాగ్‌లో (మీ సర్వర్‌లోని నా ఆట నమోదులో) తెరిచి చూడండి. గని అడుగున చివరి గదిలో ఇనుప ఏనుగు ఉంది కదా, అది తొండం ఎత్తిందంటే నేలంతా ఎర్రబడుతుంది. ఆ ఎరుపులోంచి రోబోలు వాటంతట అవి బయటికి రావు. నేను వెనక్కి రమ్మనే మీట నొక్కాలి, ముగ్గురినీ వెంటేసుకుని ఎడమ స్తంభం చాటుకు పరుగెత్తాలి, నేల అదురు ఆగగానే రుద్రమను ముందు పంపాలి. రుద్రమ సవాలు విసిరి ఏనుగును తన వైపు తిప్పుకోకముందే గణపతి బాణం తగిలిందా, ఏనుగు అతని మీదికి తిరుగుతుంది, ఇక ఆ పోరు అయిపోయినట్టే. అందుకని గణపతిని రెండు మూడు క్షణాలు ఆపి ఉంచుతాను. కొన్ని రాత్రులు గెలుస్తాం, కొన్ని రాత్రులు నలుగురం పడిపోయి గని ద్వారం దగ్గర మళ్లీ లేస్తాం. ఏ రెండు పోరులూ ఒకేలా ఉండవు. ఇందులో మనిషి చెయ్యి లేదని ఎవరు చూసి చెప్పారు?

నాకు అర్థమైనంతలో పొరపాటు ఇంకోచోట జరిగింది. కిందటి అప్‌డేట్‌లో రోబోలకు ‘ఖనిజం ఏరు’ అనే ఆదేశం మీరే చేర్చారు. నేను సంచి సర్దుకుంటూనో, కవచం బాగుచేయించుకుంటూనో ఉంటే అవి గనిలో తిరిగి ఖనిజం ఏరుకొస్తాయి. వాటి దారి మీ ప్రోగ్రాం గీసిన దారి. అవి ఒకే బాటలో, ఒకే ఎడంతో తిరుగుతాయి. ఆ ఏరివేతంతా నా ఖాతా పేరు మీదే నమోదవుతుంది. ఒకే బాట, ఒకే వ్యవధి కనిపిస్తే బాట్ (మనిషి లేకుండా ప్రోగ్రాం నడిపే ఖాతా) అని పట్టుకోవడం ఇలాంటి నిఘా ప్రోగ్రాంలకు మామూలే. మీ రోబో నడకను మీ నిఘా నాకు అంటగట్టినట్టుంది. ఇది నేను బయటి నుంచి వేసిన అంచనా. నిజం మీ సర్వర్‌లో ఉంది, చూడాల్సింది మీరే.

అసలు బాట్లను ఏరిపారేయడానికి నేను వ్యతిరేకిని కాను. రాత్రంతా మనిషి లేకుండా గనిలో తిరిగే ఖాతాలను నేనూ చూశాను. పలకరిస్తే జవాబు రాదు, ఎదురుగా నిలబడితే పక్కకు జరగకుండా మనల్నే తోసుకుంటూ పోతుంటాయి. వాటివల్ల ఖనిజం ధర పడిపోయి, చేత్తో ఏరుకునేవాడి కష్టానికి విలువ లేకుండా పోతుంది. అలాంటివి కనిపించినప్పుడల్లా మీకు రిపోర్టు చేసినవాణ్ణి నేను. ఇప్పుడు వాటి పక్కనే నన్ను నిలబెట్టారు.

తోడుగా యంత్ర పాత్రలను తీసుకుని ఆడటం కొత్తేమీ కాదు. 2005లో వచ్చిన గిల్డ్ వార్స్‌లో మొదటి నుంచీ కిరాయి సైనికులుండేవారు. 2006లో ఆటగాడు స్వయంగా తీర్చిదిద్దుకునే హీరోలు వచ్చారు, 2011 నుంచి ఒక్కరే ఏడుగురు హీరోలను వెంట తీసుకెళ్లే వీలు కల్పించారు. ఫైనల్ ఫాంటసీ 14లో 2019 నుంచి కథా పాత్రలతో కలిసి డంజన్లు ఆడొచ్చు. అక్కడ ఒంటరి ఆటగాళ్లకు దారి చూపించారు. మీరూ అదే దారి చూపించి, నడిచినవాడి కాళ్లు విరగ్గొట్టారు.

బ్యాన్ మీద అప్పీలు పెడితే నిమిషాల్లో జవాబొచ్చింది: ‘జాగ్రత్తగా పరిశీలించాం, నిర్ణయం అంతిమం.’ మళ్లీ వివరంగా రాస్తే అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. నేను అడిగిన ఒక్క ప్రశ్నకూ అందులో సమాధానం లేదు. ఏ తేదీన, ఏ చర్య వల్ల ఈ నిర్ణయానికి వచ్చారో చెప్పకుండా మనిషిని బయటికి గెంటడం న్యాయం కాదు.

కాబట్టి నేను కోరేది ఇది. మీ దగ్గర ఆట తెలిసిన మనిషి ఒకరు నా లాగ్ చూడాలి. రోబోలు చేసిన పనిని నేను చేసిన పనితో కలపకుండా విడిగా చూడాలి. తప్పు లేదని తేలితే ఖాతాను, రోబోలను ఉన్నవి ఉన్నట్టు తిరిగివ్వాలి, ఆపిన రోజులను పాస్ గడువుకు కలపాలి. తప్పుందంటే అదేమిటో ఆధారంతో రాయాలి. ‘ఖనిజం ఏరు’ ఆదేశం ఎంతసేపు వాడొచ్చో షాపు పేజీలోనే, కొనేముందు కనిపించేలా పెట్టాలి. లేదంటే రేపు ఇంకొకడు నాలాగే పైసలు కట్టి బ్యాన్ కొనుక్కుంటాడు.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 డిజిటల్ సరుకులకూ వర్తిస్తాయి, విదేశంలో నమోదై మన దేశంలో క్రమంగా అమ్మకాలు సాగించే సంస్థలకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. సరైన కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దు చేసుకునే వీలు కల్పించే షరతులను 2019 వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందంగా చూస్తుంది. ‘మా ఇష్టం వచ్చినప్పుడు ఆపుతాం’ అన్న మీ షరతును ఆ వెలుగులో చదువుకోండి. గడువులోగా పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, నేనుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా లేదు.

బిల్లులు, బ్యాన్ మెయిల్, మీ రెండు జవాబులు, ప్యానెల్ సెట్టింగుల స్క్రీన్‌షాట్లు, రోబోలు ఒంటరి ఆటగాళ్లకని రాసి ఉన్న మీ షాపు పేజీ నకలు దీనికి జతచేశాను. ఖాతా నంబరు, ఫోను నంబరు విడి కాగితంలో ఉన్నాయి. రాత్రి పదిన్నర దాకా షాపులో ఉంటాను, ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మాట్లాడతాను.

ఇట్లు,
మీ ఆటగాడు, హనుమకొండ